చెన్నై ఫ్లాటులో జ్యామితీయ చిత్రం: వంకరగా, మసగ్గా, వదులుగా కనిపిస్తే

ముగ్గు పెట్టే చేతికి తెలుసు, ఒక్క చుక్క పక్కకు జరిగినా ముగ్గంతా ఒరిగిపోతుందని. చతురస్రాలు, పట్టీలు, వృత్తాలతో వేసిన చిత్రాలకూ అదే చిక్కు. చెట్టూ చెరువూ ఉన్న బొమ్మ 3 మిల్లీమీటర్లు ఒరిగితే ఎవరూ గమనించరు. నాలుగు అడ్డపట్టీల చిత్రం అంతే ఒరిగితే గుమ్మంలోంచే పట్టుబడుతుంది. అందుకే ఏ తేడా వచ్చినా ముందు గోడను అనుమానించండి, తర్వాత ఫ్రేమును, అన్నిటికంటే చివర చిత్రాన్ని.

రసమట్టం పెడితే సరిగ్గానే ఉంది, కంటికి మాత్రం వంకర

ఎక్కువ మందిని విసిగించేది ఇదే. కన్ను గీతను భూమితో పోల్చదు, దగ్గర్లో ఉన్న ఇంకో గీతతో పోలుస్తుంది. ఫాల్స్ సీలింగ్ అంచు, ఏసీ అడుగు, తలుపు చట్రం, సోఫా వీపు, వీటిలో ఏది ఒరిగి ఉన్నా నింద చిత్రం మీద పడుతుంది.

టేపు తీసి ఫ్రేము రెండు పైమూలల నుంచి సీలింగ్ అంచు దాకా కొలవండి. 4 అడుగుల చిత్రానికి రెండు కొలతల మధ్య తేడా 5, 6 మిల్లీమీటర్ల లోపుంటే సగం తేడా చిత్రానికి పంచండి. అంటే రసమట్టంలో బుడగ కొంచెం పక్కకు జరుగుతుంది, జరగనివ్వండి. ఇంట్లో గెలవాల్సింది కన్ను, బుడగ కాదు. తేడా అంతకు మించితే చిత్రాన్ని ఆ అంచుకు కనీసం 45 సెంటీమీటర్లు దూరంగా దించండి. తలుపు చట్రానికైతే ఒక అడుగు ఎడం చాలు.

సీలింగ్ బాగానే ఉంటే ఇక ఫ్రేము లోపలికి రండి. చిత్రంలో వేసిన గీత నుంచి ఫ్రేము అంచుకు ఎడమ కొసన ఒకసారి, కుడి కొసన ఒకసారి కొలవండి. 2 మిల్లీమీటర్లు తేడా వచ్చిందంటే కాన్వాసును చట్రానికి బిగించేటప్పుడే అది పక్కకు లాగేసింది. ఫ్లోటర్ ఫ్రేములో కాన్వాసు చుట్టూ 6 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. ఫ్రేముల కొట్టులో ఆ ఖాళీలోనే కాన్వాసును కొంచెం తిప్పి బిగించమనండి.

సరిచేసిన రెండో రోజుకే మళ్ళీ ఒరుగుతోంది

వెనక తీగ, గోడకు ఒకే మేకు. తలుపు గట్టిగా పడ్డప్పుడల్లా తీగ మేకు మీద వెంట్రుకవాసి జారుతుంది. తీగ పీకేయండి. వెడల్పులో మూడో వంతు చొప్పున రెండు వైపుల నుంచీ లోపలికి వచ్చి రెండు డి-రింగులు (డి ఆకారపు తగిలింపు రింగులు) బిగించి, గోడకు రెండు స్క్రూలు వేయండి. కింది మూలలకు రబ్బరు బొడిపెలు అంటించండి.

రంధ్రం ఎలా వేయాలన్నది గోడను బట్టి ఉంటుంది. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు కొత్త టవర్లలో కాంక్రీటు గోడలు ఉండొచ్చు, వాటికి హ్యామర్ డ్రిల్లు, 6 మిల్లీమీటర్ల బిట్టు, 40 మిల్లీమీటర్ల లోతు సరిపోతాయి. ఇటుక గోడలో 12, 15 మిల్లీమీటర్ల పూత దాటాకే పట్టు దొరుకుతుంది కాబట్టి 50 దాకా వెళ్ళాలి. తెల్లటి తేలిక బ్లాకుల గోడకు హ్యామర్ అస్సలు వాడకండి, బ్లాకు పిండిగా రాలి ప్లగ్గు వదులైపోతుంది. మామూలుగా తిప్పి, 8 మిల్లీమీటర్ల పొడవాటి నైలాన్ ప్లగ్గు వేయండి. ఏ గోడైనా స్విచ్ బోర్డుకు నిటారుగా పైన డ్రిల్లు పెట్టకండి, వైరు గొట్టం అక్కడే వెళ్తుంది.

రెండు స్క్రూలు అరమిల్లీమీటరు ఎగుడుదిగుడైతే కొత్త రంధ్రం అక్కర్లేదు. దిగిన వైపు స్క్రూకు ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు చుట్టండి, ఆ వైపు సరిగ్గా అంత లేస్తుంది. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు, సముద్రపు గాలి తగిలే ఇళ్ళలో స్టెయిన్‌లెస్ స్టీలు లేదా ఇత్తడి స్క్రూలే వాడండి. మామూలు ఇనుము తుప్పు పట్టి గోడ మీదికి కారితే తెల్ల గోడకు ఆ మరక అంత తేలిగ్గా వదలదు.

మూడు ముక్కల సెట్టులో సందులు సమంగా లేవు

మూడు ఫ్రేముల్లో రింగుల ఎత్తు ఒకేలా ఉంటుందని నమ్మి గోడ మీద ఒకే గీత గీయడం వల్ల వచ్చే తప్పు. ప్రతి ఫ్రేముకూ పై అంచు నుంచి రింగు లోపలి అంచు దాకా విడిగా కొలిచి, వెనకే పెన్సిలుతో రాసుకోండి. తర్వాత పాత న్యూస్‌పేపరు ఫ్రేము సైజుకు కత్తిరించి, స్క్రూ పడే చోట చుక్క పెట్టి, గోడకు అంటించి చూడండి. 40 సెంటీమీటర్ల ముక్కలు మూడు, మధ్యలో 5 చొప్పున సందులు, మొత్తం 130. నడిమి ముక్కతో మొదలుపెట్టి రెండు వైపులకూ వెళ్ళండి. ఒక కొస నుంచి మొదలుపెడితే తప్పంతా చివరి సందులో పోగవుతుంది.

ఎత్తు విషయానికొస్తే చిత్రం నడిమిభాగం నేల నుంచి 145, 150 సెంటీమీటర్లలో ఉంటే నిలబడ్డవాళ్ళ కంటికి సరిపోతుంది. సోఫా పైనైతే వీపుకూ ఫ్రేముకూ మధ్య 15 నుంచి 20 వదలండి. చిత్రకారుడు ఎస్.హెచ్. రజా (1922–2016) గీసిన బిందువుల్లాంటి పెద్ద వృత్తం ఉన్న చిత్రానికి ఫ్రేము నడిమిని కాక వృత్తం నడిమిని ఆ ఎత్తులో పెట్టండి.

పగలు మెరుపు, సాయంత్రం గ్రిల్లు నీడ

పడమటి కిటికీ ఉన్న హాల్లో నాలుగు దాటాక గ్రిల్లు నీడ వచ్చి చతురస్రాల మీద ఇంకో గళ్ళచట్రం పరుస్తుంది. చిత్రకారుడు లెక్కపెట్టి వేసిన గీతలేవో, ఇనుప చువ్వల నీడలేవో తెలియకుండా పోతాయి. పైగా రోజూ తగిలే ఎండకు రంగు వెలిసిపోతుంది. పల్చటి తెర కట్టడం సగం వైద్యమే. కిటికీ ఉన్న గోడ మీదికే చిత్రాన్ని మార్చడం మేలు, అక్కడ ఎండ నేరుగా పడదు, అద్దంలో కిటికీ ప్రతిబింబమూ ఉండదు.

లైటు గోడకు మరీ దగ్గరుంటే ఫ్రేము నీడ బొమ్మ మీద పడుతుంది, మరీ దూరమైతే మెరుపు కంట్లో కొడుతుంది. నిట్టనిలువుకు 30 డిగ్రీల వాలు సరిపోతుంది. సీలింగ్ 290, చిత్రం నడిమి 145 అయితే మధ్య ఎత్తు 145, దాన్ని 0.58తో గుణిస్తే 84. గోడకు 84 సెంటీమీటర్ల దూరంలో స్పాట్ లైటు పెట్టండి. సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 పైన ఉండాలి. 2700 కెల్విన్ (వెలుగు రంగు కొలత) బల్బు కింద తెలుపు పసుపెక్కి, నీలం చచ్చిపోతుంది. తెలుపు, నీలాలు ఎక్కువున్న చిత్రానికి 3500 నుంచి 4000 దాకా తీసుకోండి.

కాన్వాసు వదులైంది, కాగితం మీద చుక్కలు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల చెమ్మకు కాన్వాసు సడలుతుంది, ఏసీ గాలికి బిగుస్తుంది. చట్రం మూలల్లో చెక్క చీలలు ఉంటే, మూలకు రెండు చొప్పున, ఎనిమిదింటినీ చిన్న సుత్తితో ఒక్కోసారి ఒక్క దెబ్బ చొప్పున వరసగా కొట్టండి. ఒకే మూలను బిగిస్తే చతురస్రం ఒక వైపుకు సాగి, ఇక ఏ రసమట్టానికీ లొంగదు. మూలలు జిగురుతో అతికిన చట్రమైతే కొట్టకండి, విప్పి మళ్ళీ బిగించాల్సిందే.

గాలిలో తేమ 65, 70 శాతం దాటి నిలిచిపోతే బూజుకు పండగ. బాత్రూము పక్క గోడకూ, వాన కొట్టే బయటి గోడకూ కాగితం చిత్రాలు తగిలించకండి. యాసిడ్ లేని మౌంటు బోర్డు (చిత్రానికి ఆనించే అట్ట) వేయించి, గోడకూ ఫ్రేముకూ మధ్య 10 మిల్లీమీటర్లు గాలి ఆడనివ్వండి. యాక్రిలిక్ రంగు మన ఎండాకాలానికి మెత్తబడి అద్దానికి అతుక్కుంటుంది, కాబట్టి అద్దానికీ రంగుకూ మధ్య 5 మిల్లీమీటర్ల పట్టీ తప్పనిసరి. బూజు కనిపిస్తే నీడలో ఆరబెట్టి, మాస్కు పెట్టుకుని, బాల్కనీలో పొడి మెత్తటి బ్రష్షుతో దులపండి. తడిగుడ్డ పెడితే బూజు కాగితంలోకి ఇంకిపోతుంది.

పైభాగం ఏదో తెలియడం లేదు

సంతకాన్నే నమ్ముకోకండి, కొందరు వెనకే సంతకం చేస్తారు. గీతలు, చతురస్రాల చిత్రాలకు పేరుపడ్డ డచ్ చిత్రకారుడు మోండ్రియాన్ 1941లో రంగు టేపులతో చేసిన న్యూయార్క్ సిటీ 1 దశాబ్దాల పాటు తలకిందులుగా వేలాడిందని 2022లో జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్ మ్యూజియం చెప్పింది. స్టూడియో పాత ఫోటోలో అది ఇంకో వైపు తిరిగి ఉంది. టేపులు పెళుసెక్కాయి కాబట్టి ఇప్పుడు తిప్పే వీల్లేక అలాగే ఉంచారు. అందుకే చిత్రం కొన్న రోజే వెనక చట్రం చెక్క మీద, కాన్వాసు మీద కాదు, మెత్తటి పెన్సిలుతో పైకి బాణం గుర్తు వేయండి. ఫ్రేము మార్చడానికి ఇచ్చే ముందు ముందువైపూ వెనకవైపూ ఫోటో తీసి పెట్టుకోండి.