చద్దన్నం తోడుపెట్టడం ఎలా? పొట్టకూ, పెద్దవయసు మెదడుకూ

పెద్దల మాట చద్దిమూట అంటారు. ఈమధ్య చాలా ఇళ్లలో ఆ మూట విప్పితే కంపు కొడుతోంది. మధ్యాహ్నం మిగిలిన అన్నంలో రాత్రి నీళ్లు పోసి, పొద్దున తిని, జ్ఞాపకశక్తి పెరుగుతుందని చెప్పుకుంటున్నారు. అది చద్దన్నం కాదు, మిగిలిపోయిన అన్నం.

ఇక్కడ చెప్పేది పాలు పోసి తోడుపెట్టే పద్ధతి. ఒకరికి కావలసినవి: బియ్యం 70 గ్రాములు, కాచిన పాలు 200 మిల్లీలీటర్లు, పెరుగు ఒక టీస్పూను. గిన్నె మట్టిదైనా, గాజుదైనా, స్టీలుదైనా పరవాలేదు. అల్యూమినియం, కళాయి లేని ఇత్తడి మాత్రం వద్దు, పులుపు వాటిని తినేస్తుంది. బియ్యం దంపుడువే వాడాలి. అరగంట నానబెట్టి, ఐదింతల నీళ్లతో మెత్తగా ఉడికించండి. మెతుకు వేళ్ల మధ్య నలగాలి. పాలు విడిగా కాచి గోరువెచ్చగా చల్లార్చుకోండి.

ఇక తోడు. పాడయ్యేదంతా ఇక్కడే పాడవుతుంది.

అన్నం పైన చల్లగా కనిపించినా నడుమ కాలుతూ ఉంటుంది. పైపైన వేలు పెట్టి చూసి పెరుగు వేస్తే, అడుగు వేడికి అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. పొద్దునకు పాలు పాలుగానే ఉంటాయి, లేదా విరిగి నీళ్లు తేలుతాయి. అందుకే ముందు అన్నాన్ని గరిటెతో అడుగుదాకా మెదపండి. పాలు పోసి మళ్లీ అడుగు నుంచి కలపండి. అప్పుడు చూడాలి వేడి, అంతకుముందు కాదు. వంటింటి థర్మామీటరు ఉంటే 40 నుంచి 43 డిగ్రీల సెల్సియస్. లేకపోతే, కడుక్కున్న చిటికెనవేలు ముంచి పది లెక్కపెట్టండి. ఐదు దగ్గరే వేలు తీసేయాలనిపిస్తే ఇంకా ఆగాలి. వెచ్చదనమే తెలియకపోతే ఆలస్యమైనట్టు. అప్పుడు గిన్నెను వేడినీళ్ల పళ్లెంలో కాసేపు ఉంచండి. పెరుగును రెండు చెంచాల పాలలో చిలికి, ఆ తర్వాతే కలపండి. గడ్డగా వేస్తే ఒకచోట తోడుకుని మరోచోట తోడుకోదు.

ఆలస్యమైతే ఏం పోయిందంటారా? బాసిలస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు బియ్యంలో ఉంటాయి, ఉడికించినా చావవు. గోరువెచ్చని అన్నం గంటల తరబడి అలా పడి ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. తోడు త్వరగా పులుపెక్కితే వాటికి పెరగడం కష్టం. అందుకని పొయ్యి దింపిన గంటలోపు తోడు పడాల్సిందే. మధ్యాహ్నపు అన్నం పనికిరాదన్నది ఇందుకే. తోడు పెరుగు కూడా నిన్నటిదై ఉండాలి, వారం నాటిది కాదు.

తరవాణి, అంటే పెరుగు లేకుండా గంజిని కుండలో పులియబెట్టే పద్ధతి, వాళ్లు ఇక్కడ అడ్డుపడతారు. రోజూ అదే కుండలో పాత పులుపు మీద కొత్త గంజి పోసే ఇంట్లో తరవాణి నమ్మదగిందే, ఎందుకంటే అందులో తోడు ఉన్నట్టే. ప్రతిసారీ కడిగిన గిన్నెలో కుళాయి నీళ్లు పోసి పులియమంటే అదృష్టం మీద ఆధారపడటమే.

మూత పెట్టి కదపకుండా ఉంచండి. మే నెలలో 6 గంటలు చాలు. జనవరిలో 9, 10 పడతాయి, అప్పుడు గిన్నెకు తువ్వాలు చుట్టండి. ఉప్పు, పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చి పొద్దునే కలపాలి. ఉల్లిపాయ రాత్రే వేసే ఇళ్లున్నాయి. వాసన తప్ప ఒరిగేదేమీ లేదు. పోపు పెట్టాలనుకుంటే చల్లార్చి వేయండి. తోడుకున్న అన్నాన్ని పొయ్యి ఎక్కిస్తే రాత్రంతా చేసిన పని బూడిదపాలు.

ఇంతకీ మెదడుకు దీంతో ఏం పని? చల్లారిన అన్నంలో పిండిపదార్థం కొంత అరగని రూపానికి మారి పెద్దపేగుకు చేరుతుంది. అక్కడి బ్యాక్టీరియా దాన్నీ, ఉల్లిపాయలోని పీచునూ తిని బ్యూటిరేట్ అనే కొవ్వు ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పేగు లోపలి పొరకు అదే తిండి. పొర గట్టిగా ఉంటే ఒంట్లో లోలోపలి వాపు (ఇన్ఫ్లమేషన్) కలిగించే పదార్థాలు రక్తంలోకి తక్కువగా వెళ్తాయి. వయసు మీదపడ్డాక మెదడును సతాయించే వాటిలో ఆ వాపు ఒకటి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో 2021లో వెలువడిన అధ్యయనంలో 36 మంది పాల్గొన్నారు. వాళ్లలో పులిసిన ఆహారం 10 వారాలు తిన్న బృందానికి పేగు బ్యాక్టీరియాలో వైవిధ్యం పెరిగింది, వాపు సూచికలు తగ్గాయి. మెదడు పనితీరును అందులో కొలవలేదు. కాబట్టి చద్దన్నం మతిమరుపును ఆపుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. మనసును కుదురుగా ఉంచే రసాయనంగా పేరున్న సెరటోనిన్ దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుతుందన్నది నిజమే, కానీ అది రక్తం నుంచి మెదడులోకి వెళ్లదు.

మాంసం, గుడ్డు తినని పెద్దలకు అసలు లెక్క నరాలకు కావలసిన విటమిన్ బి12. ఈ గిన్నెలో వచ్చేది ఒక మైక్రోగ్రాముకు అటూ ఇటూ. రోజుకు కావలసింది రెండుకు పైనే. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ గానీ, ఎసిడిటీ మాత్రలు గానీ ఏళ్లుగా వేసుకుంటే ఉన్నది కూడా సరిగా ఒంటబట్టదు. అరికాళ్ల తిమ్మిర్లతో పాటు మతిమరుపూ ఉంటే ముందు బి12 పరీక్ష చేయించండి, చద్దన్నం తర్వాత చూసుకోవచ్చు.

ఆవకాయ బద్దతో తింటే రుచే గానీ ఉప్పు ఎక్కువవుతుంది. రక్తపోటు మెదడుకు చేసే హాని ఏ పెరుగూ సరిచేయలేదు. షుగర్ ఉన్నవాళ్లు బియ్యం సగానికి తగ్గించి, పక్కన ఉడికించిన పెసలు పెట్టుకోవాలి. కీమోథెరపీలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు డాక్టరును అడగకుండా తినకూడదు.

పొద్దున మూత తీయగానే కమ్మని పులుపు వాసన రావాలి. తీగలు సాగితే తోడు చెడిందని అర్థం. పారబోసి కొత్త పెరుగు తెచ్చుకోండి. గులాబీ రంగు మచ్చలు కనిపిస్తే రుచి చూడకుండా పారబోయండి. నోట్లో పెట్టగానే చేదనిపించినా పారబోయండి. మరీ పుల్లగా ఉంటే చల్లటి పాలు కాసిని కలుపుకోండి, రేపు గంట ముందే ఫ్రిజ్‌లో పెట్టండి.