వ్యాక్సిన్‌కి ఆస్పత్రి స్టాఫే రాకపోతే ఏం చేయాలి?

ఆస్పత్రిలో వ్యాక్సినేషన్ బాధ్యత మీ పేరు మీద వేశారంటే ఇక రోజూ సాయంత్రం పైనుంచి ఫోన్ ఖాయం. "ఇవాళ ఎంతమంది అయ్యారు?" అంటారు, మీరు చెప్పిన అంకె వాళ్ళకి నచ్చదు, ఎందుకు రాలేదంటే మీ దగ్గర జవాబు ఉండదు. 2021 జనవరి 16న మన దేశంలో కోవిడ్ వ్యాక్సిన్ మొదలైనప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. ముందు వరుసలో పెట్టింది ఆరోగ్య సిబ్బందిని, దాదాపు కోటి మందిని. రోగాన్ని కళ్ళారా చూసినవాళ్ళు కదా, ఎగబడి వస్తారనుకున్నారు. మొదటి వారాల్లో చాలాచోట్ల సెషన్‌కి వంద పేర్లు పెడితే కుర్చీలు ఖాళీగా కనిపించాయి. రేపు ఇంకో మహమ్మారి వచ్చినా, ఈలోపు మీరు ఫ్లూ డ్రైవ్ పెట్టినా కథ ఇదే, కాబట్టి ఏం చేయొచ్చో చూద్దాం.

మీటింగ్, బ్యానర్, ప్రొజెక్టర్ అన్నీ పక్కన పెట్టి ముందు లిస్టు ముందేసుకోండి. రానివాళ్ళందరి పక్కనా "రిఫ్యూజ్డ్" అని రాసేయడం తేలికే, ఆ రిజిస్టరుతో మాత్రం మీరు చేయగలిగింది ఏమీ ఉండదు. ఒక్కో పేరు పక్కన కారణం రాయండి, మీకు తెలియకపోతే ఆ వార్డు హెడ్ నర్సుకి తెలుస్తుంది. కోవిన్‌లో (టీకా నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్) పాత ఫోన్ నంబరు ఉండి మెసేజే అందనివాళ్ళు, నైట్ డ్యూటీ చేసి ఇంట్లో నిద్రపోతున్నవాళ్ళు, ఈమధ్యే కోవిడ్ వచ్చి తగ్గినవాళ్ళు (అప్పటి నిబంధన ప్రకారం కోలుకున్నాక నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి), వీళ్ళెవరూ వద్దని చెప్పలేదు. గర్భిణులు, పాలిచ్చే తల్లుల సంగతి మరీ అన్యాయం. 2021 జనవరిలో వాళ్ళకి వేయొద్దని ప్రభుత్వమే చెప్పింది, పాలిచ్చే తల్లులకి మే 19న, గర్భిణులకి జూలై 2న గానీ దారి తెరవలేదు. మన స్టాఫ్ నర్సుల్లో ఆ వయసు ఆడవాళ్ళు ఎంతమందో మీకు తెలియంది కాదు. అన్ని నెలలూ నిబంధన పాటించినవాళ్ళని భయస్తుల ఖాతాలో వేస్తే వాళ్ళకి ఒళ్ళు మండదా? వీళ్ళకి విడిగా ఒక పేజీ పెట్టుకోండి, కొత్త సర్క్యులర్ వచ్చిన పూటే ఆ పేజీ తీసి ఫోన్లు చేయండి.

ఇవన్నీ తీసేశాక మిగిలేవాళ్ళలో ఎక్కువమంది "నాలుగు రోజులు ఆగి చూద్దాం" బాపతు. గట్టిగా వద్దనేవాళ్ళు కొద్దిమందే ఉంటారు, గొంతు మాత్రం వాళ్ళదే పెద్దగా వినిపిస్తుంది. మీ టైమంతా వాళ్ళతో వాదించడానికి ఖర్చుపెట్టకండి.

ఇప్పుడు అందరూ వదిలేసే విషయం. ఆస్పత్రి స్టాఫ్ అంటే డాక్టర్లు, సిస్టర్లు, టెక్నీషియన్లు అని లిస్టు తయారవుతుంది, శానిటేషన్, సెక్యూరిటీ, వార్డు బాయ్‌లు, ఆయమ్మలు, కిచెన్‌లో పనిచేసేవాళ్ళు, మార్చురీవాళ్ళు ఔట్‌సోర్సింగ్ కాబట్టి కాంట్రాక్టరు చూసుకుంటాడని జారిపోతారు. మొదటి రోజు హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో తొలి డోసు తీసుకున్నది ఒక పారిశుద్ధ్య కార్మికురాలు, ఆ ఫొటో అన్ని పేపర్లలోనూ వచ్చింది. ఫొటో మంచిదే. కానీ మీ ఆస్పత్రిలో నేల తుడిచే మనిషికి జ్వరం వచ్చి మర్నాడు రాలేకపోతే ఆ రోజు కూలి కట్ అవుతుందా లేదా అన్నది ఫొటో చెప్పదు. ఆమె "నాకు సూదంటే భయం సిస్టర్" అంటుంది, అసలు భయం చాలాసార్లు జీతం గురించే. అందుకే సెషన్ మొదలుపెట్టేముందే సూపరింటెండెంట్ సంతకంతో కాంట్రాక్టరుకి లెటర్ పంపించండి, టీకా మర్నాడు రాకపోయినా హాజరు వేయాలని. ఆ లెటర్ కాపీ డ్రెస్ మార్చుకునే గదిలో, తెలుగులో, పెద్ద అక్షరాలతో అంటించండి. నా లెక్కలో ఈ ఒక్క కాగితం పది అవగాహన సదస్సుల పెట్టు.

తర్వాత టైమింగ్. ఓపీ టైంలో పది గంటలకి సెషన్ పెడితే వార్డు వదిలి ఎవరూ రాలేరు. ఉదయం ఎనిమిదికి నైట్ వాళ్ళు దిగి మార్నింగ్ వాళ్ళు ఎక్కే ఆస్పత్రి అయితే ఏడు నుంచి తొమ్మిదిన్నర వరకు పెట్టండి, రెండు షిఫ్టులూ ఒకేచోట దొరుకుతాయి. వరస నైట్ డ్యూటీల్లో ఆఖరి రోజు ఉదయం వేసుకోమనండి, తర్వాత వచ్చే ఆఫ్‌లలోనే ఒళ్ళునొప్పులు, జ్వరం సర్దుకుంటాయి. టిఫిన్ చేసి రమ్మని మాత్రం గట్టిగా చెప్పండి, రాత్రంతా మేలుకుని ఖాళీ కడుపుతో వస్తే కళ్ళు తిరిగి పడిపోతారు, ఆ పడిపోవడం వ్యాక్సిన్ వల్లేనని పది నిమిషాల్లో అన్ని వాట్సాప్ గ్రూపులకీ పాకుతుంది. ఒక ఐసీయూ మొత్తానికి ఒకేరోజు వేయకండి, మర్నాడు సగం మంది పారాసెటమాల్ వేసుకుని పడుకుంటే డ్యూటీ చేసేదెవరు? ఇక వయల్ (మందు సీసా) లెక్క. కోవిషీల్డ్ వయల్‌లో పది డోసులు ఉండేవి, తెరిచాక నాలుగు గంటల్లో వాడేయాల్సి వచ్చేది. ముగ్గురి కోసం వయల్ తెరవలేమని ఒకసారి వెనక్కి పంపిన మనిషి మళ్ళీ రావడం కష్టం, కాబట్టి ముందురోజే పదుల లెక్కన పేర్లు కట్టి, అదనంగా ముగ్గురు నలుగురిని పిలిస్తే వచ్చేలా ఉంచుకోండి.

మాట్లాడటం దగ్గరికి వద్దాం. ఎవరు మాట్లాడాలి అన్నదే సగం పని. డైరెక్టర్ గారు ఆడిటోరియంలో చెబితే అందరూ తలూపి వెళ్ళిపోతారు. ఆయమ్మకి ఆయమ్మే చెప్పాలి, పీజీకి సీనియర్ పీజీ చెప్పాలి. ప్రతి షిఫ్టులోనూ వేయించుకున్నవాళ్ళలో నలుగురూ మాట వినే ఒకరిని పట్టుకోండి, వాళ్ళకి స్క్రిప్టు ఇవ్వకండి, చెయ్యి ఎంత నొప్పి పుట్టిందో, జ్వరం ఏ పూట వచ్చి ఏ పూట తగ్గిందో ఉన్నదున్నట్టు చెప్పమనండి. మీ దాకా వచ్చినవాళ్ళని ముందు అడగండి, "మీకు ఏ విషయంలో టెన్షన్‌గా ఉందమ్మా?" అని. అడిగి ఊరుకోండి. మనవాళ్ళకి ఇదే రాదు, ప్రశ్న పూర్తవకముందే ఉపన్యాసం మొదలుపెడతాం.

స్టాఫ్ అడిగే కొన్ని ప్రశ్నలు న్యాయమైనవి, వాటిని పుకార్లతో కలిపి కొట్టిపారేయకండి. కోవాగ్జిన్‌కి 2021 జనవరి 3న అనుమతి ఇచ్చినప్పుడు మూడో దశ ఫలితాలు రాలేదు, క్లినికల్ ట్రయల్ మోడ్ (అంటే ప్రయోగంలో ఉన్న టీకాలాగే నిఘాలో వేయడం) అన్నారు, వేసుకునేవాళ్ళ చేత సమ్మతి పత్రం మీద సంతకం పెట్టించారు. మన హైదరాబాద్ కంపెనీ అన్న అభిమానం ఉన్నా సంతకం అనేసరికి వెనక్కి తగ్గడంలో వింతేముంది? ఢిల్లీలో ఒక పెద్ద ఆస్పత్రి రెసిడెంట్ డాక్టర్లు మాకు కోవిషీల్డే ఇవ్వండని లేఖ రాశారు. మార్చి 3న టీకా 81 శాతం పనిచేస్తుందని మధ్యంతర ఫలితం వచ్చింది, ఆ నెలలోనే ట్రయల్ మోడ్ షరతు ఎత్తేశారు. అంటే జనవరిలో అడిగిన ప్రశ్నకి మార్చిలో జవాబు దొరికింది. ఇలాంటప్పుడు "ఏం కాదు, వేయించుకో" అనకుండా, ఇప్పటికి తెలిసింది ఇది, తెలియాల్సింది ఇది, ఫలితం రాగానే నేనే వచ్చి చెబుతాను అనండి, చెప్పినట్టే వెళ్ళి చెప్పండి.

టీకా తర్వాత అరుదుగా వచ్చే రక్తం గడ్డల గురించీ అంతే, దాచకండి. 2021 మేలో టీకా దుష్ప్రభావాలని పరిశీలించే జాతీయ కమిటీ దేశంలో అలాంటివి కావచ్చనిపించిన కేసులు 26 అని, పది లక్షల కోవిషీల్డ్ డోసులకి 0.61 అని ప్రకటించింది. ఆ అంకె పక్కనే తమిళనాడులోని వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆస్పత్రి అంకెలు పెట్టండి, ఎందుకంటే అవి మనలాంటి ఆస్పత్రి స్టాఫ్‌వే. దాదాపు 10,600 మంది ఉద్యోగుల్లో 8,991 మంది 2021 జనవరి నుంచి ఏప్రిల్ లోపు టీకా వేయించుకున్నారు, ఎక్కువ మందికి వేసింది కోవిషీల్డే. రెండు డోసులూ పడ్డవాళ్ళకి ఇన్ఫెక్షన్ నుంచి 65 శాతం, ఆస్పత్రిలో చేరాల్సిన అవసరం నుంచి 77 శాతం, ఆక్సిజన్ అవసరం నుంచి 92 శాతం, ఐసీయూ నుంచి 94 శాతం రక్షణ కనిపించింది. 65 అన్న అంకెని మింగేయకండి. రెండు డోసులు వేసుకున్నా కోవిడ్ వచ్చింది కదా అని రేపు ఎవరో ఒకరు అంటారు, ముందే చెప్పి ఉంటే మీ మాట నిలుస్తుంది. మొదటి డోసు పడ్డ వారంలోనే పాజిటివ్ వచ్చే అవకాశం ఉందనీ, రక్షణ పూర్తిగా రావడానికి రెండో డోసు తర్వాత రెండు వారాలు పడుతుందనీ కూడా ముందే చెప్పాలి.

సెషన్ గదిలో ఒక్క జాగ్రత్త. వేయించుకున్నాక అరగంట కూర్చునేవాళ్ళు, వేయించుకోబోయేవాళ్ళు ఒకరికొకరు కనపడకూడదు. టెన్షన్‌తో ఒకరు కళ్ళు తిరిగి వాలిపోతే, అది చూసి క్యూ సగం ఖాళీ అవుతుంది. తీవ్రమైన అలర్జీ వస్తే ఇచ్చే అడ్రినలిన్ ఉన్న కిట్ ఎక్కడుందో మాత్రం అందరికీ కనపడేలా పెట్టండి, సిస్టర్లు వెతికేది దాన్నే.

జీతం ఆపుతాం, డ్యూటీ వేయం అని బెదిరించడం పైవాళ్ళకి ఇష్టమైన దారి. ఇంగ్లండ్‌లో ఆరోగ్య సిబ్బందికి తప్పనిసరి చేస్తామని చెప్పి, ఎంతమంది ఉద్యోగాలు పోతాయో అని 2022 జనవరి 31న వెనక్కి తగ్గారు. మన సుప్రీంకోర్టు కూడా 2022 మే 2న ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకోమనలేరని చెప్పింది. కాగితం మీద చట్టం సంగతి అటుంచితే, బెదిరించి వేసిన డోసుకి రెండోది అడగడం ఎంత కష్టమో ఒకసారి రిజిస్టరు తిప్పి చూడండి.

ఆ రెండో డోసు దగ్గరే చాలామంది జారిపోతారు. 2021లో కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య గడువు మొదట నాలుగు నుంచి ఆరు వారాలు, మార్చిలో ఆరు నుంచి ఎనిమిది, మేలో పన్నెండు నుంచి పదహారు అయింది. కార్డు మీద రాసిన తేదీ రెండుసార్లు మారితే ఎవరు గుర్తుపెట్టుకుంటారు? తేదీ వార్డు రోస్టర్‌లోనే, పేరు పక్కనే రాయించండి, హెడ్ నర్సు డ్యూటీలు వేసేటప్పుడు కంటపడుతుంది. మహమ్మారి లేని రోజుల్లో ఇదే పద్ధతిని హెపటైటిస్ బి మూడు డోసులకి వాడి చూడండి, 0, 1, 6 నెలలు. ఆరో నెల డోసుకి ఎంతమంది మిగిలారో చూస్తే మీ లిస్టులో చిల్లు ఏ వార్డులో ఉందో తెలిసిపోతుంది.