స్టార్టింగ్‌లోనే మొరాయించే కంప్యూటర్ – 3వ భాగం: తేదీ తప్పింది, డిస్క్ కనపడట్లేదు

పోయిన భాగంలో బీప్ శబ్దాల సంగతి చూశాం. ఈసారి నల్ల స్క్రీన్ మీద తెల్లక్షరాలతో వచ్చే రెండు మెసేజ్‌లు. ముందే ఒక మాట: విండోస్ గుర్తు రాకముందే వచ్చే మెసేజ్ చాలాసార్లు మదర్‌బోర్డు పెట్టే మొర, దానికి విండోస్ మళ్లీ ఎక్కించి లాభం లేదు. ఎవరైనా "ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అంటే కాస్త ఆగమనండి.

మొదటిది "సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్", కింద ఎఫ్1 నొక్కమని. నొక్కితే మామూలుగానే ఆన్ అవుతుంది, కానీ గడియారం ఏదో పాత సంవత్సరం చూపిస్తుంది, బ్రౌజర్ తెరిస్తే బ్యాంకు సైటు కూడా సురక్షితం కాదంటుంది, దాంతో వైరస్ ఏమో అని టెన్షన్. వైరస్ కాదు. సైట్ల సర్టిఫికెట్లకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువుంటుంది, మీ సిస్టమ్ తేదీ ఆ గడువులో లేదు, అంతే. మదర్‌బోర్డు మీద గడియారాన్నీ సెట్టింగుల్నీ నిలబెట్టే బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉంటుంది. డెస్క్‌టాప్‌లో ఎక్కువగా సీఆర్2032, 3 వోల్టులది. ఆ అంకెల్లోనే కొలత ఉంది: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం. షాపతను సీఆర్2025 ఇస్తే తీసుకోకండి, వెడల్పు అదే కానీ మందం 2.5 కాబట్టి వదులవుతుంది.

మార్చేముందు బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల స్క్రీన్‌లోకి వెళ్లి (ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కాలి) సెట్టింగులన్నీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఇది బద్ధకించకండి. బ్యాటరీ తీస్తే సాటా మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) మారిపోయి "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అని నీలి స్క్రీన్ రావచ్చు, అప్పుడు ఫొటోలో ఉన్న మోడే మళ్లీ పెట్టాలి. బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ కూడా ముందే రాసిపెట్టుకోండి. తర్వాత ప్లగ్ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి, క్యాబినెట్ ఇనుము ఓసారి ముట్టుకుని, పక్కనున్న క్లిప్‌ను నెడితే బిళ్ల పైకి లేస్తుంది. ఎక్కువ బోర్డుల్లో ప్లస్ గుర్తు పైకి ఉంటుంది, అయినా పాతది ఎలా ఉందో చూసి కొత్తది పెట్టండి.

రెండోది "నో బూటబుల్ డివైస్", అంటే విండోస్ మొదలుపెట్టడానికి డిస్క్ దొరకలేదని. ముందు పెన్‌డ్రైవ్ పీకి చూడండి, చాలామందికి అక్కడే అయిపోతుంది. కాకపోతే బయోస్‌లో డిస్క్ పేరు ఉందేమో వెతకండి. ఉంటే బూట్ ఆర్డర్ (ముందు ఏ డిస్క్ నుంచి మొదలుకావాలనే వరస) సరిచేయాలి. లేకపోతే కరెంటు ఆపి, సాటా కేబుల్ (డిస్క్‌ను బోర్డుకు కలిపే వైరు) రెండు చివర్లా తీసి గట్టిగా పెట్టండి. ఒకసారి కనపడి ఒకసారి మాయమవుతుంటే మాత్రం రిపేరు జోలికి పోకుండా, కనపడినప్పుడే ఫొటోలూ ఫైళ్లూ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.

డిస్క్ కనపడుతుంది, ఆర్డర్ బాగుంది, అయినా నీలి స్క్రీన్ మీద 0xc000000f అంటోందా? అది వచ్చే భాగంలో. ఈలోపు 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి ఖాళీ చేసి ఉంచండి.