పాలు మాన్పించిన పందిపిల్లలకు దాణా ఒంటబట్టడం లేదా? తప్పు ఎక్కడుందో ఇలా వెతకండి

ఒరిగానో, వాము, దాల్చినచెక్క, వెల్లుల్లి... అరుగుదల కోసం వీటి నూనెలో పొడులో దాణాలో కలుపుతున్నా పిల్లలు ఎదగకపోతే చాలామంది చేసే మొదటి పని మోతాదు పెంచడం. దయచేసి ఆ పని చేయకండి. ముందు పెంట చూడండి, తర్వాత తొట్టి చూడండి.

పెంటలో గింజ ముక్కలు కనిపిస్తున్నాయి

గుప్పెడు పెంటను పాత టీ జల్లెడలో వేసి నీళ్లు పోస్తూ కడగండి. అడుగున పసుపుపచ్చని మొక్కజొన్న నూకలు మిగిలాయంటే దాణా ముతకగా ఆడుతోందన్నమాట. గింజ పగలకపోతే జీర్ణరసం లోపలికి దిగదు, ఏ మూలిక వేసినా ఫలితం ఉండదు. మరలో జల్లెడ మార్చి నూక సైజును సగటున 600-700 మైక్రాన్లకు (0.6-0.7 మిల్లీమీటర్లు) తెండి. అలాగని మరీ పిండిలా చేస్తే జీర్ణాశయంలో పుండ్లు పడే ప్రమాదం ఉంది.

తొట్టి దాకా వచ్చి, వాసన చూసి వెనక్కి పోతున్నాయి

నాకు ఎక్కువ బాధ కలిగించే తప్పు ఇదే, ఎందుకంటే చేతులారా చేస్తున్నాం. పందిపిల్లకు ముక్కే లోకం. ఘాటు నూనె ఎక్కువైతే మూతి పెట్టి, తల విదిలించి, పక్కకు తప్పుకుంటుంది. పాలు మాన్పించిన మొదటి రెండు రోజులు తినకపోతే పేగు లోపలి గోడ మీద ఆహారాన్ని పీల్చుకునే వేలికొసల్లాంటి పోగులు (విల్లై) కురచబడతాయి. ఆ తర్వాత తిన్నది కూడా సరిగా ఒంటికి పట్టదు. జీర్ణం కోసం వేసిన మందే జీర్ణాన్ని చెడగొట్టినట్లవుతుంది.

అనుమానం తీరాలంటే ఒకే గదిలో రెండు తొట్లు పెట్టి, ఒకదాంట్లో మామూలు దాణా, రెండోదాంట్లో మూలిక కలిపిన దాణా వేయండి. మామూలు దాణా ముందే ఖాళీ అయితే, ఒక వారం మూలిక ఆపేసి, లేబుల్ మీది కనీస మోతాదుతో మళ్లీ మొదలుపెట్టండి. ఈలోగా పిల్లలు నీళ్లు తాగే గొట్టపు నిపుల్ కింద సీసా పట్టి చూడండి, నిమిషానికి కనీసం అర లీటరు నీరు రావాలి. నీళ్లు తాగని పిల్ల దాణా కూడా తినదు. మొదటి వారం షెడ్డులో 28-30 డిగ్రీల వెచ్చదనం ఉండాలి.

పాలు మాన్పించిన వారంలో పలచటి విరేచనాలు

పాలు తాగినంతకాలం లాక్టోజ్ (పాలలోని చక్కెర) నుంచి వచ్చే లాక్టిక్ ఆమ్లం కడుపును పుల్లగా ఉంచుతుంది. పాలు ఆగాక సొంత ఆమ్లం ఇంకా చాలినంత ఊరదు. దానికి తోడు దాణాలో సున్నపురాయి పొడి ఎక్కువైతే ఉన్న ఆమ్లాన్ని కూడా మింగేస్తుంది. అరగని సోయా ప్రొటీన్ పెద్దపేగులోకి పోయి పులుస్తుంది, చెడు బ్యాక్టీరియాకు అదే పండగ. సున్నపురాయి, సోయా చెక్క తగ్గించి, ప్రొటీన్‌ను 18-19 శాతానికి తెచ్చి, కొరతపడే అమైనో ఆమ్లాలను (ప్రొటీన్ తయారయ్యే మూల పదార్థాలు) విడిగా కలపండి. సిట్రిక్ లేదా ఫార్మిక్ ఆమ్లం ఇక్కడ మూలిక కన్నా ముందు పనికొస్తుంది. రక్తం పడినా, పిల్ల నీరసించి కళ్లు లోతుకు పోయినా ఇంటి వైద్యం వద్దు, వెంటనే పశువైద్యుడికి చూపించండి.

పొడి దాణాలో పనిచేసింది, పెల్లెట్‌లో (గుళికల దాణాలో) పనిచేయడం లేదు

పెల్లెట్ మిషన్ వేడికి నూనె ఆవిరైపోతుంది. పైన రక్షణ పూత పూసిన నూనె రకం తీసుకోండి. పూత లేనిది వేడిని తట్టుకున్నా పేగు పైభాగంలోనే ఇంకిపోయి, కింది భాగానికి చేరేది తక్కువ.

ఒకే గదిలో కొన్ని పిల్లలు బాగున్నాయి, కొన్ని లేవు

ఇది కలపడంలో లోపం కావచ్చు. టన్నుకు కొన్ని వందల గ్రాములు వేసేదాన్ని నేరుగా కుమ్మరిస్తే సమంగా కలవదు. ముందు 5 కిలోల మొక్కజొన్న పిండిలో, తర్వాత 50 కిలోల్లో, ఆపైన మొత్తంలో కలపండి.

ఇంట్లో దంచిన బెరడు పొడులు వాడేవారు టానిన్ (బెరడులోని వగరు పదార్థం) సంగతి గుర్తుంచుకోండి. అది కొద్దిగా ఉంటే విరేచనాలు కట్టవచ్చు, ఎక్కువైతే ప్రొటీన్‌ను పట్టేసి అరగనివ్వదు. పెంట గట్టిపడిందని సంబరపడి తూకం చూడకుండా వదిలేయకండి.