మొదటి మిషను బొంత: చివరి కుట్లకు ముందు జాగ్రత్తలు

పై గుడ్డ, నడిమి దూది పొర, అడుగు గుడ్డ మూడింటినీ కలిపి కుట్టబోయే తిరుపతి అక్కచెల్లెళ్ళు, బొంతకు వాడే గుడ్డ నగరి మరమగ్గాల నూలుదైనా, అమ్మమ్మ పాత చీరయినా, దాన్ని ముక్కలు కోయకముందే తడిపి ఆరబెట్టి ఉండాలి. లేకుంటే తొలి ఉతుకులోనే ఎరుపు రంగు తెల్ల ముక్కలకు అంటుకుంటుంది. అడుగు గుడ్డ నాలుగు వైపులా 3, 4 అంగుళాలు ఎక్కువ ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది పిన్నీసులు పెట్టడం. అడుగు గుడ్డను నేలమీద ముడతలు లేకుండా పరచి, అంచులకు టేపు అతికించి, మిగిలిన పొరలు పైన వేసి, మధ్య నుంచి అంచుల వైపు బెత్తెడు దూరానికొక పిన్నీసు గుచ్చాలి. నా మొదటి బొంతకు ఈ పని తొందరగా ముగించినందువల్ల అడుగున వేలెడంత మడత పడి, రెండు వరుసల కుట్టు విప్పవలసి వచ్చింది.

కొత్త సూది, 14 నంబరుది, వేసి ముందుగా చిన్న ముక్క మీద దారం బిగువు చూసుకోండి. బొంత బరువు మిషను పక్కకు వేలాడకుండా బల్ల జరపండి. పిన్నీసు సూది కిందికి రాకముందే తీసేయండి.