వేర్వేరు జంతువుల శరీర భాగాలకు సరైన పేరు, నిర్వచనం రాయడం ఎలా?

ఒంగోలు గిత్త వీపు మీద ఉన్నదాన్నీ మూపురమే అంటాం, ఒంటె వీపు మీద ఉన్నదాన్నీ మూపురమే అంటాం. గిత్త మూపురంలో ప్రధానంగా ఉండేది కండరం. ఒంటె మూపురం కొవ్వు నిల్వ. మాటల్లో ఈ ఒక్క పేరుతో ఎవరికీ ఇబ్బంది రాదు. కానీ పదకోశంలోనో, పిల్లల పాఠంలోనో “మూపురం అంటే కొవ్వు నిల్వ ఉండే భాగం” అని రాసిన మరుక్షణం మన పొలంలోని ఎద్దు ఆ నిర్వచనంలో ఇమడకుండా పోతుంది. తెలుగులో జీవశాస్త్రం రాసేవారు, బోధించేవారు ఇలాంటి పొరపాటు పడకుండా ఉండేందుకు నేను పాటించే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

1. పరిధిని ముందే నిర్ణయించుకోండి

మీరు రాయబోయే నిర్వచనం మనిషికి మాత్రమేనా, క్షీరదాలన్నిటికా, వెన్నెముక గల జంతువులన్నిటికా అన్నది మొదటి వాక్యానికి ముందే తేలాలి. శాస్త్రజ్ఞులు కూడా ఒకే జాబితాతో సరిపెట్టుకోలేదు. పెంపుడు క్షీరదాల శరీర భాగాల పేర్లకు 1968లోనూ, పక్షులకు 1979లోనూ, మనిషికి సవరించిన రూపంలో 1998లోనూ వేర్వేరు అంతర్జాతీయ జాబితాలు వెలువడ్డాయి.

2. పేరును పక్కన పెట్టి, ఎముకలను వరసగా లెక్కపెట్టండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం. నడుస్తున్న కోడిని చూసి “దాని మోకాలు వెనక్కి వంగుతుంది” అని చాలామంది అంటారు. అది మోకాలు కాదు, చీలమండ. కోడి కాలును తుంటి నుంచి పాదం దాకా చేతిలోకి తీసుకొని చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. తుంటి దగ్గర మొదలయ్యేది తొడ ఎముక. దాని కింది కొసన ఉన్న కీలే అసలైన మోకాలు. దాని ముందు చిన్న మోకాలిచిప్ప కూడా ఉంటుంది. ఈకల చాటున, ఒంటికి ఆనుకొని ఉంటుంది గనుక బతికి ఉన్న కోడిలో అది మన కంటికి ఆనదు. ఆ కీలు కింద, మనం లెగ్ పీస్‌గా ఇష్టంగా తినే భాగంలో, ఒక లావుపాటి ఎముకా దాని పక్కనే సూదిలా సన్నబడిపోయే మరో ఎముకా ఉంటాయి. తినేటప్పుడు పంటికి గుచ్చుకునే ఆ సూది బహిర్జంఘిక. లావుపాటిది అంతర్జంఘిక, దాని కింది కొసతో కొన్ని చీలమండ ఎముకలు అతుక్కుపోయి ఉంటాయి. ఆ తరవాతి పొలుసుల కాలు, మిగిలిన చీలమండ ఎముకలూ ప్రపాదాస్థులూ (అరికాలి ఎముకలు) కలిసి ఒకటైన ఎముక. అంటే కోడి నేల మీద ఆనించేది వేళ్ళను మాత్రమే.

ఇదే లెక్కతో చూస్తే గుర్రం ముందుకాలి “మోకాలు” నిజానికి మణికట్టు అనీ, దాని గిట్ట మూడో వేలి కొసన ఉన్నదనీ, ఆవు గిట్టలు రెండూ మూడు, నాలుగు వేళ్ళకు చెందినవనీ తెలుస్తుంది. ఫ్రాన్స్‌కు చెందిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు పియర్ బెలాన్ 1555లోనే మనిషి అస్థిపంజరాన్నీ పక్షి అస్థిపంజరాన్నీ పక్కపక్కన బొమ్మ గీసి, సరిపోలే ఎముకలకు ఒకే గుర్తులు వేసి చూపించాడు. మీరూ ఒక కాగితం మీద అలా గీసుకోండి.

3. ఆకారాన్ని కాదు, ఇరుగుపొరుగును నమ్మండి

ఒక భాగం దేనికి అతుక్కొని ఉంది, ఏ రెండింటి మధ్య ఉంది అన్నదే దాని గుర్తింపు. ఆకారం, పని ఎంత మారినా వేర్వేరు జంతువుల్లో ఉన్న ఆ అవయవం ఒకటే అయ్యే సందర్భానికి ఇంగ్లండ్ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్ 1843లో నిర్వచనం ఇచ్చాడు. మన పాఠ్యపుస్తకాల్లోని నిర్మాణసామ్య అవయవాలు అవే. ఏనుగు దంతం పై దవడ ముందు ఎముకలో పాతుకొని ఉంటుంది గనుక అది కుంతకం, అంటే ముందు పన్ను. అడవిపంది కోర రదనిక, అంటే కుంతకాల పక్కన ఉండే మొనదేలిన పన్ను. ఒకదాన్ని దంతం, మరొకదాన్ని కోర అని విడిగా పిలుచుకున్న మన వాడుక ఇక్కడ ఎంతో చక్కగా ఉంది. అలాగని కోర అంటే ఎప్పుడూ రదనికే అని రాయకూడదు, ఎందుకంటే పాము కోరలు క్షీరదాల రదనికలకు సరిపోలేవి కావు.

4. నిర్వచనంలో పనిని కాక స్థానాన్ని చెప్పండి

“మణికట్టు అంటే అరచేతిని తిప్పడానికి తోడ్పడే కీలు” అని రాస్తే గుర్రమూ గబ్బిలమూ రెండూ బయటే మిగిలిపోతాయి. దానికి బదులు “ముంజేతి ఎముకల వేళ్ళవైపు కొసకూ కరభాస్థులకూ (అరచేతి ఎముకలకూ) నడుమ, చిన్న చిన్న ఎముకలతో ఏర్పడిన భాగం” అని రాస్తే అన్నిటికీ వర్తిస్తుంది. ముందుగా అది ఏ తరగతికి చెందిన వస్తువో (ఎముకా, కండరమా, కీలా, అవయవ భాగమా) చెప్పి, ఆ తరగతిలోని మిగతావాటి నుంచి దాన్ని వేరుచేసే లక్షణాన్ని తరవాత చెప్పండి. పని గురించి వేరే వాక్యంలో, జంతువు పేరుతో సహా రాయవచ్చు.

స్థానం చెప్పేటప్పుడు పైన, కింద, ముందు అనే మాటలు వాడకండి. నిలబడిన మనిషికి పొట్ట ముందు ఉంటుంది, ఆవుకు కింద ఉంటుంది. మనిషిలో ఊర్ధ్వ మహాసిర అని పిలిచే రక్తనాళం ఆవులో గుండెకు తలవైపున ఉంటుంది, పైన కాదు. తలవైపు, తోకవైపు, వీపువైపు, పొట్టవైపు అనే నాలుగు మాటలు వెన్నెముక గల ఏ జంతువులోనూ మోసం చేయవు.

5. ఒకే పేరుతో వేర్వేరు వస్తువులుంటే జంతువు పేరు జోడించండి

ఏనుగు తొండం ముక్కూ పైపెదవీ కలిసి ఏర్పడింది. దోమ తొండం నోటి భాగాల కట్ట. రెంటికీ ఒకే నిర్వచనం రాయాలని ప్రయత్నించకుండా, పదకోశంలో రెండు వేర్వేరు పదాలుగా ఇవ్వడమే సరైన పని. మూపురాన్నీ అలాగే రెండుగా విడదీయాలి.

6. నియమానికి లొంగని జంతువులతో పరీక్షించండి

రాసిన నిర్వచనాన్ని అలవాటైన జంతువులతో సరిచూస్తే తప్పు దొరకదు. పిత్తాశయం ప్రతి క్షీరదంలో ఉంటుందని రాసి ఉంటే గుర్రాన్ని తలుచుకోండి. దానికి పిత్తాశయమే లేదు. మెడ ఎముకలంటే “క్షీరదాల వెన్నులోని మొదటి ఏడు ఎముకలు” అని రాస్తే మనిషికీ జిరాఫీకీ సరిపోతుంది, ఎందుకంటే అంత పొడవైన మెడలోనూ ఉన్నవి ఏడే. కానీ నీటిలో బతికే క్షీరదమైన మానటీకి ఆరే ఉంటాయి, చెట్లకు వేలాడే మూడు వేళ్ళ స్లాత్‌కు ఏడుకన్నా ఎక్కువ ఉంటాయి. కాబట్టి ఆ అంకె కొట్టేసి, “పుర్రెకూ, రొమ్ము ఎముక దాకా చేరే మొదటి పక్కటెముకను మోసే వెన్నుపూసకూ మధ్య ఉన్నవి” అని తిరిగి రాయండి.