ఆఫీసు చిరాకు గుమ్మం బయటే

సాయంత్రం ట్రాఫిక్‌లో నలిగి ఇంటికొచ్చేసరికి, పిల్లాడు ‘నాన్నా’ అన్నా కసురుకునేవాణ్ణి. ఇప్పుడు బండికి స్టాండు వేశాక వెంటనే పైకెళ్లను. హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టి, ఫోన్ జేబులోంచి తియ్యకుండా అక్కడే కూర్చుంటా. 4 లెక్కపెట్టేదాకా ముక్కుతో గాలి పీల్చడం, 6 లెక్కపెట్టేదాకా మెల్లగా వదలడం. ఇలా 10 సార్లు. రెండు నిమిషాలు కూడా పట్టదు. కిటుకంతా వదలడంలోనే ఉంది, పీల్చినదానికంటే ఎక్కువసేపు పట్టాలి. వేళ్ల కణుపుల మీద వేసుకుంటే లెక్క తప్పదు. (మొదట్లో వాచ్‌మన్ ‘బండి చెడిపోయిందా సార్’ అని అడిగేవాడు.) తర్వాత పైకెళ్లి, మా నాయనమ్మ చెప్పినట్టే కాళ్లూ మొహమూ చన్నీళ్లతో కడుక్కుని, అప్పుడు మాట్లాడతా.

ఆకలి మీదుంటే మాత్రం ఇది పనిచేయదు. ముందు ఓ అరటిపండో, గుప్పెడు వేయించిన శనగలో తినాల్సిందే. ఇక రెండు వారాలైనా దిగులు వదలకపోతే ఈ చిట్కాతో సరిపెట్టుకోకండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు, ఏ వేళైనా ఎత్తుతారు, డబ్బులేమీ అడగరు.